చదివి వినిపించాకే సంతకం

మా జనరల్ స్టడీస్ సారు పోయారన్న కబురు నాకు ఉదయగిరి బస్సులో తెలిసింది. పొద్దున్నే ఆత్మకూరులో ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని మురిసిపోతూ, మా కాలేజీ పిల్లల ఫీల్డ్ వర్క్ రిపోర్టుల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో సారు ఫోటో పెట్టారు. పుట్టినరోజేమో అనుకున్నాను. కింద రాసింది చదివాక కూడా కాసేపు పుట్టినరోజే అనుకుందామని చూశాను. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట.

ఒళ్ళో ఉన్న కట్ట వైపు చూడలేకపోయాను. పదకొండు రోజుల క్రితం సారు ఫోన్లో దాని గురించే అడిగారు. "చదివి వినిపించినారామ్మా?" అన్నారు. "వినిపించాం సార్" అన్నాను. అది అబద్ధం. ఆయనకి నేను చెప్పిన చివరి మాట అదే అయింది.

ఆ అబద్ధం ఎందుకంత గుచ్చుకుందో తెలియాలంటే సారు ఏం చెప్పేవారో తెలియాలి. మా ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో జనరల్ స్టడీస్ అంటే ఎవరికీ లెక్క లేదు. బీఎస్సీ వాళ్ళకీ బీకాం వాళ్ళకీ కలిపి ఒకటే క్లాసు. పర్యావరణం కొంచెం, రాజ్యాంగం కొంచెం, ఆరోగ్యం కొంచెం, ఊళ్ళ సంగతులు కొంచెం. పాసైతే చాలు. మిగతా లెక్చరర్లు దాన్ని ఖాళీ పీరియడ్ అనేవాళ్ళు. తమ సిలబస్ మిగిలిపోతే వచ్చి ఆ గంట అడిగేవాళ్ళు. సారు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. "నాది ఖాళీగా ఉండాదని నీకెవరు చెప్పినారు?" అని గుమ్మంలోంచే పంపేసేవారు. చేజర్ల నుంచి వచ్చి సైన్సు చదివేసి ఏదో అయిపోదామనుకుంటున్న నాకు ఆ మొండితనం చూస్తే నవ్వొచ్చేది.

మొదటి క్లాసులో నోట్సు చెప్తారని పెన్నులు తీశాం. ఆయన బోర్డు వైపు తిరగనే లేదు. "మన బస్టాండు నుంచి బస్సు పోని ఊర్లు చెప్పండి" అన్నారు. పోయే ఊర్లయితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళం. పోని ఊర్లు ఎవరికి తెలుసు? వెనక బెంచీలోంచి ఎవరో "బస్సే పోనప్పుడు మనకెందుకు సార్?" అన్నారు. తిడతారనుకున్నాం. "ఇదుగో, ఈ ప్రశ్నకి జవాబు కోసమే మనం ఊర్లకి పోతాం" అని ఇంత పొడుగు నవ్వారు.

మనిషి సన్నగా, గడకర్రలా ఉండేవారు. తెల్ల చొక్కా జేబులో ఒకే ఒక నీలం పెన్ను. బస్టాండులో ఉడకబెట్టిన శనక్కాయలు కనబడితే ఆగకుండా ఉండలేరు. పొట్టు కింద పారెయ్యకూడదని చొక్కా జేబులోనే వేసుకునేవారు. అందుకే ఆ పెన్ను ఎప్పుడూ తడితడిగా, శనక్కాయల వాసనతో ఉండేది. బస్సెక్కిన అయిదు నిమిషాలకి నోరు తెరుచుకుని నిద్రపోయేవారు. దిగాల్సిన చోటు రాగానే ఎవరూ లేపకుండానే లేచేవారు. కోపం మాత్రం ముక్కు మీదే. పేపర్లు దిద్ది ఇవ్వడంలో ఆయనంత బద్ధకస్తుణ్ణి నేను చూడలేదు. ఆ మాట మొహం మీదే అంటే "నిజమేలే" అనేవారు గానీ, పేపర్లు మాత్రం ఇచ్చేవారు కాదు.

ఊరికి తీసుకెళ్ళినప్పుడు మాత్రం వేరే మనిషి. ఫారాలు సంచిలోంచి బయటికి తియ్యనిచ్చేవారు కాదు. ముందు మొదటి ఇంటి దగ్గర ఆగి మంచినీళ్ళు అడగాలి. వాళ్ళిచ్చిన గ్లాసుతోనే తాగాలి. "నీళ్ళడిగితే మనం చుట్టాలం. ఫారం తీస్తే ఆఫీసోళ్ళం" అనేవారు. నిలబడి ప్రశ్న అడిగితే వెనక నుంచి భుజం నొక్కి కూర్చోబెట్టేవారు. ఇంతా చేసి రిపోర్టు రాశాక అసలైన మెలిక ఉండేది. ఆ రిపోర్టు పట్టుకుని మళ్ళీ అదే ఊరికి వెళ్ళి, ఎవరి గురించి రాశామో వాళ్ళని కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా పైకి చదవాలి. వాళ్ళు తలూపాక, అక్కడే, వాళ్ళ ముందే ఆయన సంతకం పెట్టేవారు. తలూపకపోతే లేదు. "వాళ్ళ గురించి రాసింది వాళ్ళకి తెలీకపోతే అది చాడీ అవుతాదిగానీ రిపోర్టు ఎట్టా అవుతాది?" అనేవారు.

ఈ పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందో ఒకసారి బస్సులో, నిద్ర పట్టని ఏకైక సందర్భంలో, ఆయనే చెప్పారు. సొంతూరు అనంతసాగరం వైపు. చిన్నప్పుడు వాళ్ళింటికి ఎవరో ఫారం పట్టుకుని వచ్చారట. వాళ్ళమ్మ అప్పుడే నాట్లు వేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. వచ్చినాయన గబగబా ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళకి ఆ కాగితాల నకలు ఈయన కంటపడింది. వాళ్ళమ్మ పేరు పక్కన పని అన్న చోట 'లేదు' అని ఉంది. "చచ్చేదాకా కూలి చేసిందమ్మా మా యమ్మ. ఆ కాగితంలో మాత్రం ఇప్పటికీ ఖాళీగా కూర్చోనే ఉండాది" అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగారు. నేను శనక్కాయలు ఒలిచి ఆయన చేతిలో పెట్టాను. అంతకు మించి ఏం చెయ్యాలో ఆ వయసులో నాకు తెలియలేదు.

ఇంత విన్నదాన్ని, నేను చేసిన పని చెప్తాను వినండి.

రెండో సంవత్సరంలో నాకూ, ఇద్దరు స్నేహితురాళ్ళకీ సీతారామపురం దాటాక చెరువు కట్టని ఆనుకుని ఉన్న ఒక చిన్న పల్లె వచ్చింది. చెరువులో చేపలు పట్టుకుని, కూలికి వెళ్ళి బతికే కుటుంబాలు. సీతారామపురం దాకానే బస్సు. అక్కడ నుంచి గంట నడక. మొదటి రోజు ఆరిళ్ళు తిరిగేసరికి తిరుగు బస్సు వెళ్ళిపోయింది. రోడ్డు మీద ముగ్గురం బిక్కమొహాలు వేసుకుని నిలబడితే, పొద్దుగూకే వేళకి ఒక షేర్ ఆటో దొరికింది. హాస్టల్లో వార్డెన్ పెట్టిన చివాట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఇంకోసారి ఆ పల్లె మొహం చూడకూడదని తీర్మానించుకున్నాం. మిగిలిన ఇళ్ళ ఫారాలు హాస్టల్ వరండాలో కూర్చుని, మరమరాలు తింటూ నింపేశాం. ఇంటికి ఇద్దరు పిల్లలు. అందరూ బడికి వెళ్తున్నారు. నీటి ఇబ్బంది లేదు. ఇంటికో పాడి బర్రె. మా చేజర్లలో చూస్తూ పెరిగిన ఇళ్ళన్నీ తీసుకెళ్ళి ఆ చెరువు కట్ట పక్కన పెట్టేశాను. చివర్లో 'గ్రామ ప్రజలు ఎంతగానో సహకరించారు' అని కూడా రాశాను.

సారు మొత్తం చదివారు. "చేతిరాత బాగుండాదమ్మా. గురువారం పోయి చదివి వినిపిద్దాం" అన్నారు. అంతే. ఆ గురువారం దాకా ఏ సాకు చెప్పాలా అని వెతికాను. జ్వరమని చెబుదామా అనుకున్నాను. అది కూడా కనిపెట్టేస్తారని భయపడి మానుకున్నాను.

వలలు ఆరేసుకునే చోట చాపలు పరిచారు. పని మీద వెళ్ళని ముప్పై మంది దాకా చేరారు. ముందు వరసలో ఒక అవ్వ, వల చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంది. నేను లేచి నిలబడబోతే సారు భుజం నొక్కారు. కూర్చుని చదివాను. మొదటి ఆరిళ్ళ వరకు అందరూ తలూపారు. ఏడో ఇల్లు ఆ అవ్వది. పాడి బర్రె ఒకటి అని చదవగానే అవ్వ సూది ఆపింది.

"నాకు బర్రె ఉండాదా? యాడుండాదో చూపీ పాపా, పోయి పాలు పిండుకుంటా."

జనం గొల్లుమన్నారు. ఎనిమిదో ఇంటికి వచ్చేసరికి ఆ ఇంటాయన "మా బర్రె ఏం రంగు పాపా?" అన్నాడు. ఆ పల్లెలో గొడ్డూ గోదా అన్నదే లేదు. మేపడానికి సెంటు భూమి లేని వాళ్ళు బర్రెల్ని ఎక్కడ కడతారు? నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాగితాల్లో పెట్టుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి. సారు మాత్రం "ఆపబాక, చదువు" అన్నారు. పిల్లలందరూ బడికి వెళ్తున్నారన్న లైను వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వ పక్కనే కూర్చున్న మనవరాలు పద్మ తల దించుకుంది. ఎనిమిదో తరగతిలో మానేసిన పిల్ల. సీతారామపురం హైస్కూలుకి గంట నడక వెళ్ళడానికి, గంట రావడానికి. ఒంటరిగా పంపడానికి అవ్వకి ధైర్యం చాలలేదు.

తిరుగు నడకలో సగం దూరం వచ్చాక సారు నా పక్కకి వచ్చారు. "బర్రెలంటే వాళ్ళు నవ్వినారు, నవ్వి వదిలేస్తారు" అన్నారు. "ఆ బడి లైను ఉండాదే, అది ఆఫీసు కాగితాల్లో చేరితే ఆ పిల్ల కోసం బస్సు అడిగేవాడు ఇంకెవడూ ఉండడు. అందరూ బడికి పోతా ఉంటే ఇంక బస్సెందుకు అంటారు. నువ్వు ఒక్క లైనుతో ఆ పిల్ల బడి మూసేసినావమ్మా." తిట్టి ఉంటే బాగుండేది. మామూలు గొంతుతోనే అన్నారు.

నేను ఏడ్చాను. ఏడుపు అయ్యాక "మళ్ళీ రాస్తాం సార్" అన్నాను. "తెలుసు. అందుకేగా సంతకం పెట్టలా" అన్నారు.

ఆ తర్వాత మూడు వారాలు సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళాం. పల్లెలో నా పేరు 'బర్రెల పాప' అయిపోయింది. అవ్వ నీళ్ళిచ్చేటప్పుడు "మా బర్రె పాలు ఇయ్యలేదు పాపా, నీళ్ళే తాగు" అనేది. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏ నెలల్లో ఎక్కడికి వలస పోతారు, ఎంతమంది ఆడపిల్లలు ఏ తరగతిలో ఎందుకు ఆగిపోయారు, అన్నీ రాశాం. రెండోసారి చదివినప్పుడు రెండు తప్పులు దిద్దారు. మూడోసారి అందరూ తలూపారు. అవ్వ అందరికంటే చివర ఊపింది, కావాలనే. సారు ఆ తడి పెన్ను తీసి సంతకం పెట్టారు. అవ్వ వేలిముద్ర వేస్తానంటే దానికీ చోటిచ్చారు. డిగ్రీ పట్టా కూడా నాకు అంత ఆనందం ఇవ్వలేదు.

ఆ రిపోర్టు నకలు పట్టుకుని సారు డిపోకీ మండలాఫీసుకీ ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలియదు. మా బ్యాచ్ పరీక్షలు రాసి వెళ్ళిపోయాక కూడా తిరిగారు. చివరికి సీతారామపురం బస్సుని పల్లె దాకా పొడిగించారు. పొద్దున ఒకటి, బడి వదిలాక ఒకటి. తర్వాత ఆరు గంటలకి ఇంకొకటి కూడా వచ్చింది. గట్టి వాన పడితే ఇప్పటికీ రాదు. పద్మ మళ్ళీ బడికి వెళ్ళింది. ఇప్పుడు నెల్లూరులో నర్సింగ్ చదువుతోంది.

నేను పీజీ చేసి ఉదయగిరిలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాను. పాతవాళ్ళు వద్దన్న సబ్జెక్టులు కొత్తగా చేరినవాళ్ళకి అంటగట్టడం ఎక్కడైనా ఉన్నదే కాబట్టి, జనరల్ స్టడీసూ ఫీల్డ్ వర్కూ నా నెత్తిన పడ్డాయి. సంతోషంగానే పెట్టుకున్నాను. ఏ పల్లెకి ఎవరు వెళ్ళాలో రాసేటప్పుడు ఆ చెరువు కట్ట పల్లెని కావేరి అనే బీకాం అమ్మాయి టీముకి ఇచ్చాను. తర్వాత పరీక్షలు, అడ్మిషన్లు, రోజూ రెండు బస్సుల ప్రయాణం. రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన గడువు పదిహేను రోజుల్లోకి వచ్చింది. "సంతకాలు పెట్టి పంపించేద్దాం మేడం" అన్నారు ప్రిన్సిపాల్. రిపోర్టులు తిరగేస్తే అన్నీ ఒకే మనిషి రాసినంత అందంగా ఉన్నాయి. కావేరిని అడిగాను. "అంత దూరం ఎవరు పోతారు మేడం? ఫోన్లో ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో రాసిస్తాది గదా" అంది, దాపరికం లేకుండా. కనీసం మరమరాలు తిన్నంత సేపైనా పట్టలేదు వాళ్ళకి.

కోప్పడాల్సింది. పడలేదు. గడువు దగ్గర పడింది కదా, ఈసారికి పోనిద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రమే సారు ఫోన్ చేశారు. గొంతులో ఆయాసం తెలుస్తోంది. ఆ మనిషిని నిరాశ పరచలేక అబద్ధం ఆడానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. సిగ్గేసి ఆడాను.

సారు కబురు తెలిసిన ఆ పొద్దున ఉదయగిరి దాకా వెళ్ళకుండా మధ్యలోనే దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి ఆత్మకూరు తిరిగి వచ్చేశాను. సారుని ఉంచిన చర్చి ఆవరణలో ఎన్ని బ్యాచుల వాళ్ళమో. ఒకరినొకరు పేర్లతో గుర్తుపట్టలేకపోయినా, ఏ ఊరు నీకొచ్చింది అంటే ఏ ఊరు నీకొచ్చింది అని పలకరించుకున్నాం. సారు భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నీతో ఫోన్ మాట్లాడిన రోజు ఎంత సంతోషపడినారో పాపా. ఉదయగిరి పిల్లోళ్ళు కూడా చదివి వినిపించినారంటనే అని, వచ్చినోళ్ళందరికీ చెప్పినారు" అన్నారు. ఆవిడ నన్ను ఓదార్చడానికే అన్నారు. నేను ఆవిడ చేతిలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎందుకో ఆవిడకి తెలియదు.

మర్నాడు రిపోర్టుల కట్టని ఒక్క సంతకం లేకుండా పిల్లలకి తిరిగిచ్చేశాను. నా బర్రెల కథ దాచకుండా చెప్పాను. క్లాసంతా పగలబడి నవ్వింది. పద్మ సంగతి వచ్చేసరికి నవ్వు దానంతటదే ఆగింది. ప్రిన్సిపాల్ గొణుక్కుంటూనే, పైవాళ్ళతో మాట్లాడి రెండు వారాలు గడువు తెచ్చారు. పిల్లలు వెళ్ళారు. మొదట మొహాలు ముడుచుకుని వెళ్ళారు. మూడో రోజు నుంచి క్లాసులో ఆ ఊళ్ళ కబుర్లే.

పోయిన శనివారం కావేరి టీముతో పాటు నేనూ పల్లెకి వెళ్ళాను, బస్సులోనే. వలలు ఆరేసే చోటే చాపలు పరిచారు. అవ్వ నడుం వంగింది. చూపు మాత్రం వంగలేదు.

"బర్రెల పాప వచ్చిందే! ఏందిమే, మీ సారు రాలా?"

"సారు పోయినారవ్వా" అన్నాను, ఆమె యాసలోనే. అవ్వ కాసేపు చెరువు వైపు చూసింది. "శనక్కాయలు కొంచెం తగ్గించమని చెప్పినాను గదా ఆ మనిషికి" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పిల్లల వైపు తిరిగింది. "చదవండి. ఆయన లేడని అబద్ధాలు రాయబాకండి."

కావేరి కూర్చునే చదివింది. ఆ అమ్మాయి భుజం నేను నొక్కాల్సిన పని పడలేదు. ఒక్కో ఇంటి దగ్గరా తలలు ఊగుతున్నాయి. నేను పెన్ను మూత తీసి పట్టుకున్నాను. 'ఈ పల్లెకు బస్సు సౌకర్యం కలదు' అని కావేరి చదివింది. అవ్వ చెయ్యెత్తింది.

"అంతేనా? కలదు అంటే సరిపోయిందా? దానంతట అదే వచ్చినట్టు రాసినావే."

"ఎట్టా వచ్చింది అవ్వా?" అంది కావేరి.

అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. సన్నటి మనిషొకాయన ముగ్గురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని నడిచొచ్చి, మంచినీళ్ళు అడిగిన దగ్గర నుంచి. కావేరి కొత్త కాగితం తీసుకుంది. ఇంతలో కట్ట మీద బస్సు హారన్ మోగింది. తొందర పెడుతూ రెండోసారి మోగింది. బస్సు తప్పిపోతుందన్న పాత భయంతో లేచి నిలబడ్డాను. కావేరి తల ఎత్తను కూడా లేదు.

"ఆరు గంటలకి ఇంకోటి ఉండాది గదా మేడం" అంది. "అవ్వా, కొంచెం మెల్లగా చెప్పు. ఆయన నీళ్ళు ఎవరింట్లో అడిగినాడు?"

నేను పెన్ను మూత పెట్టేసి మళ్ళీ చాప మీద కూర్చున్నాను. బస్సు మలుపు తిరిగి కట్ట మీదుగా మెల్లగా వెళ్ళిపోయింది. అవ్వ చెప్తూనే ఉంది. కావేరి రాస్తూనే ఉంది.